ఒక్క గేరుతో కొండెక్కే ముందు

చిరంజీవులిద్దరికీ పెద్దనాన్న ఆశీస్సులు.

కాలిఫోర్నియా మారిన్ కౌంటీలోని చైనా క్యాంప్ పార్కులో నా సింగిల్‌స్పీడ్ సైకిల్, అంటే ఒకే గేరున్న సైకిల్, తొక్కి చూస్తామని అడిగారు. తప్పకుండా తొక్కండి. స్కూల్ టీమ్‌లో గేర్ల మౌంటెన్ బైకులు నడుపుతున్నారు కాబట్టి మలుపులు తీసుకోవడం, బ్రేకులు వాడడం నేను కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ గేరు మార్చే వీలు లేనప్పుడు అదే కొండ వేరేగా ఉంటుంది. కొన్ని సంగతులు ముందే తెలిస్తే మొదటి రోజే విసుగెత్తి పక్కన పడేయరు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు కాస్త లెక్క చూడండి. నా సైకిల్‌కి పెడళ్ళ దగ్గరున్న చైన్‌వీల్‌కి 32 పళ్ళు, వెనక చక్రానికున్న పళ్ళచక్రానికి (ఫ్రీవీల్) 20. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 1.6 చుట్లు తిరుగుతుంది. 29 అంగుళాల చక్రం ఒక్క చుట్టులో సుమారు 2.3 మీటర్లు పోతుంది. కాబట్టి పెడల్ చుట్టుకి సైకిల్ దాదాపు 3.7 మీటర్లు ముందుకెళ్తుంది. ఎత్తులోనైనా, చదునులోనైనా, దిగుడులోనైనా అంతే. మీ సైకిళ్ళకి ముందు అవే 32 పళ్ళున్నా వెనక పెద్ద పళ్ళచక్రం 50ది. దాని మీదికి చైను ఎక్కిస్తే పెడల్ చుట్టుకి మీటరున్నర కూడా వెళ్ళరు.

ఇప్పుడు కొండ మీద గంటకి ఆరు కిలోమీటర్ల వేగంతో ఎక్కుతున్నామనుకోండి. నిమిషానికి వంద మీటర్లు. మీ సైకిల్ మీద కూర్చుని నిమిషానికి 68 చుట్లు హాయిగా తిప్పుకుంటూ పోవచ్చు. నా దాని మీద 27 చుట్లే తిరుగుతాయి, కానీ ప్రతి తొక్కుకీ మీ కాలు పెట్టే బలానికి రెండున్నర రెట్లు కావాలి. సీట్లో కూర్చుని అంత బలం పెడితే మోకాళ్ళు నొప్పి చేస్తాయి. అందుకే సింగిల్‌స్పీడ్ మీద ఎత్తు వచ్చిందంటే లేచి నిలబడాల్సిందే. ఇక చదును దారిలో దీనికి పూర్తిగా తిరగబడుతుంది వ్యవహారం. నిమిషానికి 80 చుట్లు తిప్పినా గంటకి 18 కిలోమీటర్లు దాటదు. అక్కడ గేర్లున్నవాళ్ళంతా మిమ్మల్ని దాటిపోతారు. పోనివ్వండి. కాళ్ళు గిరగిరా తిప్పి వాళ్ళని అందుకోవాలని చూడొద్దు. ఆ ఓపిక తర్వాత వచ్చే ఎత్తుకి కావాలి.

మన ఊళ్ళో తాతయ్య సైకిల్‌కి కూడా ఒకటే గేరు కదా అని మీరు అడగొచ్చు. నిజమే, ఆ నల్ల సైకిళ్ళన్నీ అంతే. కానీ వాటికి పెట్టింది చదును రోడ్డు గేరు, తొక్కడానికి ఇంతకంటే బాగా బరువైనది. మన కోనసీమలో ఎత్తంటే కాలవ వంతెనే కాబట్టి సరిపోయింది. ఆ గేరుతో ఇక్కడి కొండలు ఎక్కడం ఎవరివల్లా కాదు.

అసలు మౌంటెన్ బైకులు పుట్టిన చోటు చైనా క్యాంప్‌కి దగ్గర్లోనే ఉంది. అదే మారిన్ కౌంటీలో ఫెయిర్‌ఫాక్స్ ఊరు. 1970లలో అక్కడి కుర్రాళ్ళు 1930లు, 40ల నాటి లావు టైర్ల పాత ష్విన్ సైకిళ్ళు బాగుచేసుకుని కొండ మీది మట్టి దారుల్లో దిగేవాళ్ళు. వాటిలో చాలావాటికి ఒకటే గేరు, పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు. 1976 అక్టోబర్ 21న రీప్యాక్ అనే దారిలో మొదటి పందెం జరిగింది. మూడు కిలోమీటర్లకి పైగా దూరం, దాదాపు 400 మీటర్ల దిగుడు. కిందికి వచ్చేసరికి బ్రేకు వేడికి చక్రం మధ్యనుండే హబ్బులోని గ్రీజంతా పొగై పోయేది. మళ్ళీ కొత్త గ్రీజు కూరితే తప్ప ఇంకోసారి దిగడానికి పనికొచ్చేది కాదు. దిగడానికి ఒక్క గేరు చాలు. ఎక్కడం మాత్రం ఎక్కువగా తోసుకుంటూనో ట్రక్కులో వేసుకునో. తొక్కుకుంటూ ఎక్కాలన్న కోరికతోనే గ్యారీ ఫిషర్ లాంటివాళ్ళు వాటికి గేర్లు బిగించారు. 1977లో జో బ్రీజ్ కొండల కోసమే కొత్తగా ఫ్రేము తయారు చేశాడు. అక్కడినుంచి గేర్లు పెరుగుతూనే వచ్చాయి. 1990లలో కొందరు వాటిని తీసేయడం మొదలుపెట్టారు. ఇంగ్లండ్ లాంటి చోట్ల చలికాలం బురద గేర్లలో ఇరుక్కుని పాడుచేయడం ఒక కారణం. ఇంకొందరికి ఆ తొక్కుడే నచ్చింది. సింగిల్‌స్పీడ్ వరల్డ్ ఛాంపియన్‌షిప్ అని వాళ్ళకో పందెం కూడా ఉంది. గెలిచినవాళ్ళు ఒంటి మీద పచ్చబొట్టు వేయించుకోవాలి, అదే బహుమతి. ఫెయిర్‌ఫాక్స్‌లో సైకిళ్ళ మ్యూజియం ఉంది, ఆ తొలినాటి సైకిళ్ళు అక్కడ చూడొచ్చు. తిరిగి వచ్చేటప్పుడు అక్కడ ఆగుదాం.

ఇక తొక్కడం సంగతి. ఈ సైకిల్ మీద మీ చేతిలో గేరు ఉండదు, అప్పటికే సంపాదించుకున్న వేగం ఒక్కటే ఉంటుంది. అది పోగొట్టుకోకుండా చూసుకోవడమే నేర్చుకోవాల్సిన విద్య. పంట కాలవ దూకేవాడు నాలుగడుగుల వెనకనుంచి పరుగెత్తుకొస్తాడు చూడండి, ఎత్తు ముందర కూడా అలాగే చేయాలి. చైనా క్యాంప్‌లోని షోర్‌లైన్ ట్రైల్ అనే మట్టి దారి దీనికి చాలా మంచిది. బే నీటి అంచునే చిన్న చిన్న ఎత్తుపల్లాలుగా సాగుతుంది. దిగుడులో అనవసరంగా బ్రేకు పట్టకపోతే ఆ ఊపు ఎదుటి ఎత్తులో సగం దాకా మిమ్మల్ని మోసుకెళ్తుంది. మిగిలిన సగానికి పది తొక్కులు వేస్తే పైకి చేరతారు. అదే పల్లంలో ఒక్కసారి బ్రేకు నొక్కారా, మొత్తం ఎత్తు మీ కాళ్ళే ఎక్కాలి. అలాగని మూలమలుపుల్లో, మనుషులున్న చోట బ్రేకు మానమని కాదు. ముందు ఏముందో కనిపించే చోటే ఈ పద్ధతి.

నిలబడి తొక్కడం కూడా మీరు అనుకున్నంత సులువు కాదు. మరీ ముందుకి వంగితే వెనక చక్రం మీద బరువు తగ్గి, రాళ్ళ మీద జారి ఊరికే తిరుగుతుంది. మరీ వెనక్కి వెళ్తే ముందు చక్రం లేస్తుంది. సీటు కొన తొడల వెనక తగిలీ తగలకుండా ఉంటే సరైన చోట ఉన్నట్టు. కుడికాలితో తొక్కేటప్పుడు కుడిచేత్తో హ్యాండిల్‌ని మీ వైపు లాగండి, ఎడమకాలికి ఎడమచెయ్యి. అప్పుడు బలం ఒక్క కాళ్ళ నుంచే కాకుండా వీపు, భుజాల నుంచి కూడా వస్తుంది. ఇలాంటి సైకిళ్ళకి వెడల్పాటి హ్యాండిల్ పెట్టేది అందుకే. ఊపిరి బిగబట్టొద్దు. మొదట్లోనే బలమంతా పెట్టేస్తే ఎత్తు మధ్యలో ఆగిపోతారు.

చెట్ల వేళ్ళు, రాళ్ళు అడ్డం వచ్చిన చోట ఇంకో మెలకువ ఉంది. చాలామంది చాలాకాలం తర్వాత గాని దీన్ని గమనించరు, అందుకే విడిగా చెప్తున్నాను. నిమిషానికి 27 చుట్లంటే పెడల్ పైనుంచి కిందికి రావడానికి ఒక సెకను పైనే పడుతుంది. ఒక పెడల్ పూర్తిగా పైన, రెండోది పూర్తిగా కింద ఉన్న క్షణంలో మీ కాలికి పట్టు ఉండదు. సరిగ్గా అప్పుడే చక్రం వేరుకి తగిలితే సైకిల్ టక్కున ఆగిపోతుంది. రెండు పెడళ్ళూ అడ్డంగా, నేలకి సమంగా ఉన్నప్పుడు తగిలితే ఎక్కేస్తుంది. కాబట్టి నాలుగైదు మీటర్ల ముందు నుంచే చూసుకుని, తొక్కు కాస్త ముందో వెనకో పడేలా సర్దుకోవాలి. కొన్నాళ్ళకి ఇది ఆలోచించకుండానే వస్తుంది. సింగిల్‌స్పీడ్ నాకు ఇష్టం కావడానికి అసలు కారణం ఇదే. గేరు మార్చే బొటనవేలికి పని లేకపోయేసరికి కళ్ళన్నీ దారి మీదే ఉంటాయి. ఏళ్ళుగా వెళ్తున్న దారిలో అంతవరకు పట్టించుకోని రాయి ఎక్కడుందో, నేల ఎక్కడ గట్టిగా ఉందో తెలుస్తుంది. గేర్లు చెడ్డవని నేను అనను. దూరం పోవాలన్నా, పెద్ద కొండలెక్కాలన్నా నేనూ గేర్ల సైకిలే తీస్తాను.

బే వ్యూ ట్రైల్ వైపు ఎక్కేటప్పుడు కొన్నిచోట్ల దిగి తోయాల్సి రావచ్చు. దిగండి. 1910లో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం మొదటిసారి పిరనీస్ పర్వతాల్లోని టూర్మలే కనుమ మీదుగా వెళ్ళింది. అప్పటి సైకిళ్ళకి ఇప్పటిలా గేరు మార్చే ఏర్పాటు లేదు. చైన్ని ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదికి మార్చే డెరైలర్‌ని ఆ పందెంలో అనుమతించింది 1937లోనే. ఆక్టావ్ లాపీజ్ ఆ కనుమని కొంత తొక్కుతూ, కొంత సైకిల్ తోసుకుంటూ నడిచి ఎక్కాడు. గుస్తావ్ గారిగూ ఒక్కసారి కూడా కాలు కింద పెట్టకుండా ఎక్కి, అందుకు విడిగా వంద ఫ్రాంకుల బహుమానం అందుకున్నాడు. కానీ ముందుగా పైకి చేరింది నడిచినవాడే. ఆ రోజు పందెం, ఆ ఏడాది టూర్ కూడా లాపీజే గెలిచాడు. బాగా నిటారుగా ఉన్న చోట నడకకీ తొక్కుడుకీ వేగంలో పెద్ద తేడా ఉండదు, పైగా నడిస్తే కాళ్ళు తేరుకుంటాయి. మోకాలు నొప్పి అనిపిస్తే మాత్రం ఆ రోజుకి ఆపేయండి, పట్టుదలకి పోవద్దు. దారి అంచున తోసుకుంటూ నడిచేటప్పుడు మూడేసి ఆకులుండే పాయిజన్ ఓక్ అనే మొక్కకి కాళ్ళు తగలకుండా చూసుకోండి. వారం రోజులు దురద పెడుతుంది.

ఎక్కేవాళ్ళకి దిగేవాళ్ళు దారి ఇవ్వాలన్నది మీకు తెలిసిందే. నడిచేవాళ్ళకీ గుర్రాలకీ మాత్రం మనమే ఆగాలి. సింగిల్‌స్పీడ్ మీద ఎత్తులో ఆగడం కష్టమనిపిస్తుంది, ఊపంతా పోతుంది కదా. అయినా ఆగాలి. మళ్ళీ అక్కడినుంచే కదలలేకపోతే కాస్త చదును వచ్చేదాకా నడిచి ఎక్కండి. గేర్ల సైకిళ్ళ వెనక వెళ్తుంటే ఎత్తుకి ముందే బాగా ఎడం ఉంచండి. వాళ్ళు నెమ్మదిగా ఎక్కుతారు, మీరు అంత నెమ్మదిగా వెళ్ళలేరు.

చైను విషయం ఒక్కటి జాగ్రత్తగా వినండి. మీ సైకిళ్ళలో డెరైలర్ స్ప్రింగు చైన్ని ఎప్పుడూ లాగి పట్టుకుంటుంది. ఇందులో అదేమీ లేదు, వెనక చక్రాన్ని వెనక్కి జరిపి బిగించడమే. చైను మధ్యలో వేలితో ఎత్తి దించితే ఒక సెంటీమీటరు ఆడాలి. అంతకంటే లూజుగా ఉంటే ఊడిపోతుంది. నిలబడి బలంగా తొక్కుతున్నప్పుడు ఊడితే కాలు ఒక్కసారిగా కిందికి పోయి, మోకాలో ఛాతీయో హ్యాండిల్‌కి కొట్టుకుంటుంది. మరీ బిగుతుగా ఉన్నా బేరింగులు పాడవుతాయి. చైన్‌వీల్ పూర్తి గుండ్రంగా ఉండదు కాబట్టి పెడల్ని చేత్తో మెల్లగా తిప్పుతూ ఎక్కడ బాగా బిగుస్తుందో వెతికి, అక్కడ చూసుకోవాలి. నేను చూసే ఉంచుతాను. అయినా ఎక్కే ముందు మీరూ మీ చేతులతో ఒకసారి చూడండి.

నచ్చితే కొత్తది కొనమని మీ నాన్నని అడగొద్దు. గరాజ్‌లో వాడి పాత 26 అంగుళాల సైకిల్ ఉంది కదా, దాన్నే మార్చుకోవచ్చు. వెనక పళ్ళచక్రాల గుత్తి తీసేసి ఒకే ఒక్కటి, దానికి అటూ ఇటూ ఖాళీ నింపే రింగులు (స్పేసర్లు) పెట్టాలి. ముందు చైన్‌వీల్‌కీ వెనకదానికీ మధ్య చైను తిన్నగా ఒకే వరసలో రావాలి. దాని ఫ్రేములో వెనక చక్రం జరిపే వీలు లేదు కాబట్టి చైన్ని బిగువుగా పట్టే ఒక చిన్న టెన్షనర్ కూడా కావాలి. ముందు 32 ఉంచి వెనక 18 పెడితే, చక్రం చిన్నది కనుక, నా సైకిల్ గేరుకి దాదాపు సమానం. కాళ్ళకి అలవాటయ్యాక 17, ఆ తర్వాత 16 పెట్టి చూద్దాం. పనిముట్లు నా దగ్గర ఉన్నాయి, మీ నాన్న పర్మిషన్ తీసుకుని సైకిల్ పట్టుకురండి.

ఇట్లు,
మీ పెద్దనాన్న