నూటికి నూరు వచ్చిన సైట్‌లో చీర కొనలేకపోయాం

కళ్లు కనిపించనివాళ్లు, చెవులు వినిపించనివాళ్లు, చేతులు సహకరించనివాళ్లు ఒక వెబ్‌సైట్‌ని వాడగలరో లేదో పరీక్షించి చెప్పడం నా పని. వ్యాపారుల దగ్గర పదే పదే వినే మాటలు ఇవి.

అపోహ: "లైట్‌హౌస్‌లో వంద వచ్చింది, ఇంకా చూసేదేముంది?"

వెబ్‌సైట్‌ని పరీక్షించి వందకి మార్కులు వేసే లైట్‌హౌస్ క్రోమ్‌లోనే ఉచితంగా దొరుకుతుంది, తప్పకుండా వాడండి. కానీ అది చూసేది కోడ్‌ని. బొమ్మకి ఆల్ట్ టెక్స్ట్, అంటే ఆ బొమ్మలో ఏముందో చెప్పే రాత, ఉందా అని అడుగుతుందే గానీ, ఆ రాతకి అర్థం ఉందా అని అడగదు. వంద వచ్చిన ఒక చీరల సైట్‌ని చూపులేని మా సహోద్యోగి తెరిచారు. తెర మీది రాతని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ నలభై చీరల్నీ "ప్రొడక్ట్ ఇమేజ్" అనే చదివింది. రంగు ఎంచుకునే చుక్కలు మౌస్‌కి తప్ప దేనికీ పలకలేదు. రంగు ఎంచుకోనిదే బుట్టలో పడదు. కథ అక్కడితో ఆగింది.

మీరే చూసుకోవాలంటే మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్, ఎంటర్, స్పేస్, బాణం కీలతో డబ్బు కట్టేదాకా వెళ్లండి. ఇప్పుడు ఎక్కడున్నారో తెర మీద కనిపించకపోయినా, ఒక పెట్టెలో ఇరుక్కుని బయటికి రాలేకపోయినా రాసుకోండి. ఆ తర్వాత విండోస్‌లో ఎన్‌వీడీఏ, ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని అదే పని చేయండి. ఎన్‌వీడీఏ కూడా ఉచితమే. మొదటిసారి చిరాకు పడతారు, అది అలవాటు లేక. చివర్లో బ్రౌజర్ జూమ్‌ని 200 శాతానికి పెంచి ఏ బటన్ మాయమైందో చూడండి.

అపోహ: "తెలుగులో రాశాం, అందరికీ అర్థమవుతుంది."

ఎలా రాశారన్నది ముఖ్యం. పండగ ఆఫర్‌ని పోస్టర్‌గా చేసి బొమ్మలా పెడితే, అందులోని ధర స్క్రీన్ రీడర్‌కి అందదు. పాత అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్‌ని యూనికోడ్‌లోకి మార్చకుండా అతికిస్తే, కంటికి తెలుగే, చెవికి మాత్రం పిచ్చి అక్షరాలు. పేజీ భాష కోడ్‌లో 'ఈఎన్' అని వదిలేస్తే, తెలుగు పేరా ఇంగ్లీషు గొంతు చేతిలో పడొచ్చు. అది తడబడుతుంది, లేదా గమ్మున దాటేస్తుంది. 'టీఈ' అని మార్చడం నిమిషం పని. వరసల మధ్య ఎడం తక్కువైతే ఒత్తులు కింది వరసకి తగులుకుంటాయి, చూపు మందగించినవాళ్లకి అదో నరకం. లేత బూడిద రంగు అక్షరాల సంగతి సరేసరి: మామూలు సైజు అక్షరాలకీ వెనకరంగుకీ తేడా కనీసం 4.5:1 ఉండాలని డబ్ల్యూసీఏజీ ప్రమాణం, అంటే వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఉండడానికి పెట్టిన అంతర్జాతీయ నియమాలు.

అపోహ: "ఒక విడ్జెట్ పెడితే అన్నీ అదే సరిచేస్తుంది."

చేయదు. తన విడ్జెట్‌తో ఏ సైట్‌నైనా ఆ ప్రమాణాలకి తగ్గట్టు మార్చేస్తామని తప్పుడు ప్రచారం చేసుకున్నందుకు, అలాంటి విడ్జెట్ అమ్మే యాక్సెసిబీ కంపెనీ చేత 2025లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పది లక్షల డాలర్లు కట్టించింది.

అపోహ: "చట్టం ప్రభుత్వ సైట్లకే."

2016 వికలాంగుల హక్కుల చట్టం 46వ సెక్షన్ ప్రైవేటు సేవలకీ వర్తిస్తుంది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. కళ్లార్పితేనే కేవైసీ పూర్తయ్యే పద్ధతి వల్ల ఇబ్బంది పడ్డవాళ్ల కేసు అది.

అపోహ: "ఆల్ట్ టెక్స్ట్ రాయడం డెవలపర్ పని."

పెట్టడం ఆయన పని. రాయడానికి సరుకు తెలిసినవాళ్లు కావాలి. ఆ చీరల సైట్‌వాళ్లు రంగు చుక్కల్ని పూటలో అసలైన బటన్లుగా మార్చేశారు. ఆల్ట్ టెక్స్ట్ మాత్రం కౌంటర్‌లో చీరలు విప్పి చూపించే ఆవిడతో రాయించారు. ఇప్పుడు మొదటి బొమ్మ దగ్గర స్క్రీన్ రీడర్ ఇలా చదువుతుంది: "నెమలికంఠం రంగు పట్టుచీర, బెత్తెడు జరీ అంచు, పల్లూలో మామిడిపిందెలు."