పూర్ణహృదయంతో నమ్మడం, లోబడడం: సంఘంలో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

రాత్రి పది దాటాక నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఒకే మాట చుట్టూ తిరుగుతాయి. "పాస్టర్ గారూ, నాకు విశ్వాసం తక్కువేమో అండి." సేవలో 20 ఏళ్లు దాటాయి, ఈ మాట వినని వారం గుర్తులేదు. ఇలా అడిగేవాళ్లలో చాలామందికి విశ్వాసం తక్కువ కాదు. విశ్వాసమంటే ఏంటో వాళ్లకి ఎవరో తప్పుగా చెప్పారు, కొన్నిసార్లు ఆ చెప్పినవాణ్ణి నేనే.

అపోహ: పూర్ణహృదయంతో నమ్మినవాడికి భయం, అనుమానం ఉండవు.

"నీ స్వబుద్ధిని ఆధారము చేసికొనక నీ పూర్ణహృదయముతో యెహోవాయందు నమ్మకముంచుము" అనే సామెతలు 3:5 మనలో చాలామందికి కంఠతా వచ్చు. ఇక్కడ హృదయం అనగానే మనం ఫీలింగ్స్ అనుకుంటాం. హెబ్రీ భాషలో ఆ మాటకి ఆలోచన, నిర్ణయం కూడా అర్థాలే. "ఆధారము చేసికొనక" అన్నచోట ఉన్న హెబ్రీ మాటకి ఆనుకోవడం అని అర్థం, కర్ర మీద బరువు వేసి ఆనుకున్నట్టు. కాబట్టి ఈ వాక్యం నీ బరువు ఎక్కడ వేశావు అని అడుగుతోంది. ఏరు దాటేవాడు కాళ్లు వణుకుతూనే చేతికర్ర మీద బరువు వేసి ఒక్కో అడుగూ వేస్తాడు, వణుకు తగ్గాక దాటుదామనుకున్నవాడు ఒడ్డునే కూర్చుంటాడు.

మార్కు 9లో బిడ్డను తీసుకొచ్చిన తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని ఏడ్చాడు. ఒకే ఊపిరిలో రెండూ చెప్పేశాడు పాపం. అనుమానం పోయాక రా అని యేసు అతన్ని తిప్పి పంపలేదు, బిడ్డను బాగుచేశాడు. అబ్రాహామునే చూడండి. హారాను విడిచి బయలుదేరినప్పుడు 75 ఏళ్లు, ఇస్సాకు పుట్టేసరికి 100. ఆ 25 ఏళ్లలో దాసి హాగరు ద్వారా బిడ్డను కన్న విషయం జరిగింది, భార్యను చెల్లెలని రెండుసార్లు చెప్పుకున్నాడు, కొడుకు పుడతాడన్న వాగ్దానం విని సాగిలపడి నవ్వుకున్నాడు కూడా. రోమా 4 మాత్రమే చదివితే ఆయన ఎప్పుడూ తొణకని మనిషిలా కనిపిస్తాడు, ఆదికాండం కూడా తెరిచి రెండూ కలిపి చదవండి. సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో అయితే ప్రభువైన యేసే ఈ గిన్నె తొలగించమని అడిగాడు, వేదనపడ్డాడు, అయినా లేచి వెళ్లాడు. అంతకంటే పూర్ణమైన విధేయత నాకు తెలియదు.

అపోహ: విశ్వాసం ఉంటే మందులు, ముందుజాగ్రత్తలు అక్కర్లేదు.

ఇది చెప్పడానికి నాకు బాధగా ఉంటుంది. సేవ మొదలుపెట్టిన కొత్తలో ఒక సహోదరి సాక్ష్యం చెబుతూ షుగర్ మాత్రలు ఆపేశాను, దేవుడే చూసుకుంటాడు అంది. నేను మైకులో హల్లెలూయా అన్నాను, సంఘమంతా చప్పట్లు కొట్టింది. రెండు వారాలకి ఆమెను స్పృహ లేకుండా ఆసుపత్రికి తీసుకెళ్లారు. బతికింది, దేవునికి స్తోత్రం. కానీ ఆ రోజు నేను అడగాల్సిన మాట "డాక్టర్ని అడిగారా అమ్మా?" అన్నది. అడగలేదు. తర్వాత ఆమె ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను, సంఘం ముందు కూడా ఒప్పుకున్నాను.

వాక్యం స్వబుద్ధిని ఆధారం చేసుకోవద్దంది, వాడొద్దని అనలేదు. హిజ్కియా రాజుకి 15 ఏళ్ల ఆయుష్షు వాగ్దానం చేసిన ప్రవక్తే పుండుకి అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు. నెహెమ్యా ప్రార్థన చేశాడు, కాపలా కూడా పెట్టాడు, రెండూ ఒకే వచనంలో ఉన్నాయి (4:9). పౌలుతో ఉన్న లూకా వైద్యుడు. దేవాలయ శిఖరం మీద నుంచి దూకు, దూతలు పట్టుకుంటారు అని యేసుకి కీర్తన ఎత్తి చెప్పింది సాతానే, గుర్తుచేసుకోండి. ఫిట్స్ మాత్రలైనా, డిప్రెషన్ మాత్రలైనా ప్రార్థన చేసి వేసుకోండి. ఆపాలా వద్దా అన్నది మీ డాక్టర్ చెప్పాలి, నేను కాదు.

అపోహ: లోబడితే వెంటనే ఆశీర్వాదం వస్తుంది.

దేవుణ్ణి పూర్ణమనస్సుతో అనుసరించాడని బైబిల్ ప్రత్యేకంగా చెప్పిన మనిషి కాలేబు. వాగ్దాన దేశాన్ని వేగు చూడడానికి వెళ్లినప్పుడు ఆయనకి 40 ఏళ్లు, హెబ్రోను తన చేతికి వచ్చేసరికి 85. నమ్మనివాళ్లతో పాటు తనూ అరణ్యంలో తిరిగాడు, తన తప్పు లేకుండానే. మీ ఇంట్లోనో ఆఫీసులోనో వేరేవాళ్ల తప్పుకి మీరు మోస్తున్న బరువు ఉంటే యెహోషువ 14 నెమ్మదిగా చదవండి. యోసేపుకి 17 నుంచి 30 దాకా దాస్యం, చెరసాల. పౌలు తన శరీరంలో ముల్లులా ఉన్న బాధ తీసేయమని మూడుసార్లు వేడుకుంటే "నా కృప నీకు చాలును" అనే జవాబు వచ్చింది. దానియేలు 3లో అగ్నిగుండం ముందు నిలబడిన ముగ్గురూ రాజుతో, మా దేవుడు రక్షించగలడు, ఒకవేళ రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కం అన్నారు. ఆ "రక్షించకపోయినా" అన్న మాట మన ప్రసంగాల్లో ఈ మధ్య వినపడడం లేదని నా బాధ.

అపోహ: సేవకుడి మాట వింటే దేవుని మాట విన్నట్టే.

నాయకులకు లోబడమని హెబ్రీ 13:17లో ఉంది, దాన్ని దాటేయను. అయితే ఆ నాయకులు లెక్క అప్పగించాలని కూడా అదే వచనంలో ఉంది, మేము ఆ సగం తక్కువగా చదువుతాం. 1 రాజులు 13లో యూదా నుంచి బేతేలుకి వచ్చిన దైవజనుడికి, అక్కడ అన్నం తినొద్దు నీళ్లు తాగొద్దు అని దేవుడు ముందే చెప్పాడు. బేతేలులో ఒక ముసలి ప్రవక్త, దేవదూత నాతో చెప్పాడు, మా ఇంటికి భోజనానికి రా అని అబద్ధమాడాడు. ఆ దైవజనుడు నమ్మి వెళ్లాడు, దారిలో సింహం చంపేసింది. పెద్దవాడు, ప్రవక్త, పైగా దూత పేరు చెప్పాడు. అయినా ఆ మాటను అప్పటికే విన్న దేవుని మాటతో సరిచూసుకోవాల్సింది. బెరయ ఊరివాళ్లు పౌలు బోధనే లేఖనాలతో పోల్చి చూశారు, లూకా వాళ్లను మెచ్చుకునే రాశాడు.

ఎవరైనా వచ్చి "దేవుడు నాతో చెప్పాడు, నువ్వు ఇంత ఇవ్వాలి" అన్నా, "వీళ్లనే పెళ్లి చేసుకోవాలి" అన్నా, బైబిల్ తెరవండి, ఇంకో నలుగురు పెద్దల్ని అడగండి, టైమ్ తీసుకోండి. ఇంట్లో దెబ్బలు తింటున్న చెల్లెళ్లకి ఇంకో మాట: దెబ్బలు భరించడం విధేయత కాదమ్మా. సౌలు రాజు ఈటె విసిరితే దావీదు తప్పుకుని పారిపోయాడు, దేవుడు దాన్ని అవిధేయత అనలేదు. ముందు క్షేమంగా ఉండే చోటికి వెళ్లండి.

అపోహ: నేను సరిగ్గా లోబడితేనే దేవుడు నన్ను ప్రేమిస్తాడు.

నిర్గమకాండం 20 మొదటి ఆజ్ఞతో మొదలవదు. దాసుల ఇంటి నుంచి నిన్ను రప్పించిన దేవుణ్ణి నేనే అని మొదలవుతుంది. విడుదల ముందు, ఆజ్ఞలు తర్వాత. ఎఫెసీ 2:8 నుంచి 10 వరకు కూడా ఇదే వరుస, కృప ముందు, మంచి పనులు తర్వాత.

అపోహ: విధేయత అంటే ఏదో పెద్ద త్యాగం.

శత్రువులవి ఏవీ మిగల్చొద్దని దేవుడు చెప్పినా, బలి ఇద్దామనే జనం మంచి గొర్రెల్ని మిగిల్చారని సౌలు రాజు అన్నాడు. ప్రవక్త సమూయేలుకి మాత్రం ఆ గొర్రెల అరుపులు వినిపించాయి. తొంభై వంతులు చేసి పది వంతులు మనకి నచ్చినట్టు మార్చుకుని, దానికి ఆరాధన అని పేరు పెట్టడం మనందరికీ అలవాటే.

ఒక తమ్ముడు ఉద్యోగం విషయంలో దేవుని చిత్తం తెలియట్లేదని నెలల తరబడి టెన్షన్ పడ్డాడు, ఉపవాసాలు కూడా ఉన్నాడు. తెలియనిది పక్కన పెట్టు, తెలిసినవాటిలో చెయ్యనిది ఏమైనా ఉందా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. అన్నతో మూడేళ్లుగా మాటల్లేవట. మరుసటి ఆదివారం ఫోన్ చేశాడు, మొదట అన్న ఎత్తలేదు, రెండోసారి ఎత్తాడు. ఇది మీకు చెప్పొచ్చని అతనే అన్నాడు. ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు, ఇద్దరం ప్రార్థన చేస్తూనే ఉన్నాం. ఈసారి వాళ్లన్న కూడా మాతో కలిశాడు.