చిన్న సేవాసంస్థలకు మూసుకుపోయిన దారులు

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక, నడిచిపోతున్న వలస కూలీలకు అన్నం పొట్లాలతో ఎదురెళ్లిన వాళ్లలో చాలామంది చిన్నచిన్న సంస్థలవాళ్లే. ఏడాది తిరిగేసరికి అలాంటి సంస్థలు ఎన్నో సొంత కార్యకర్తలకు జీతాలివ్వలేక చతికిలపడ్డాయి. చందాలు తగ్గిన మాట నిజమే. అంతకన్నా పెద్ద దెబ్బ, డబ్బు వాటిదాకా వచ్చే దారులే మారిపోవడం.

నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలన్న నిబంధన 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ప్రధాని పేరిట ఏర్పడ్డ అత్యవసర సహాయ నిధి పీఎం కేర్స్‌కు ఇచ్చినదీ ఆ లెక్కలోకే వస్తుందని 2020 మార్చి 28న, ఆర్థిక సంవత్సరం మరో మూడు రోజుల్లో ముగుస్తుందనగా, కేంద్రం ప్రకటించింది. పెద్ద మొత్తాలు అటు వెళ్లాయి.

విదేశీ విరాళాల కథ ఇంకా పాతది. ఎమర్జెన్సీలో, 1976లో తెచ్చిన నియంత్రణ చట్టం స్థానంలో 2010లో కొత్తది వచ్చింది. దాని కింద, విరాళం అందుకున్న సంస్థ అందులో కొంత మరో రిజిస్టర్డ్ సంస్థకు ఇవ్వగలిగేది. దాతలకు నివేదికలు రాసే సిబ్బంది లేని పల్లె సంస్థలకు ఆధారం అదే. 2020 సెప్టెంబరు సవరణ ఆ బదిలీని పూర్తిగా నిషేధించింది. పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి తగ్గించింది. విదేశీ విరాళం ముందుగా ఢిల్లీలోని ఒకే ఒక్క స్టేట్ బ్యాంకు శాఖలో పడాలంది. మరుసటి వేసవిలో కరోనా రెండో అల విరుచుకుపడింది. ఈ చట్టం వస్తువులకూ వర్తిస్తుంది కాబట్టి, విదేశాల నుంచి విరాళంగా వచ్చిన ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్‌ను సైతం ఒక సంస్థ ఇంకో సంస్థకు అప్పగించడానికి వీల్లేకపోయింది. ప్రాణం పోయే వేళ ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది?

డబ్బుకే కాదు, మనుషులకూ కొరత వచ్చింది; అది రక్తదానంలో బాగా కనిపించింది. తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తవ్యాధి ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. సేకరించిన ఎర్రకణాలు మామూలుగా ఫ్రిజ్‌లో భద్రపరిస్తే 42 రోజులకు మించి పనికిరావు. కాలేజీలు, ఐటీ ఆఫీసులు మూతపడి శిబిరాలు ఆగిపోయాయి. 2021 మే 1న 18 ఏళ్లు నిండినవారికి టీకాలు తెరిచేనాటికి, టీకా తర్వాత 28 రోజులు రక్తం ఇవ్వరాదన్న నియమం ఉంది. ఆ నెలలోనే దాన్ని 14 రోజులకు కుదించారు.

విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన ఆ సవరణలను సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 8న సమర్థించింది. విదేశీ సొమ్ముకు లెక్క అడగాల్సిందే. అయితే ఇచ్చే సంస్థా, పుచ్చుకునే సంస్థా రెండూ ఆడిట్ చేయించుకుని ఏటా ప్రభుత్వానికి లెక్కలు చూపుతున్నవే అయినప్పుడు, ఆ ఇద్దరి మధ్య బదిలీని నిషేధించాల్సిన అవసరం నాకు కనిపించదు.