తుపాకీలో మార్పు, లైసెన్సులో నమోదు: అపోహలు - వాస్తవాలు

"ముందు పని చేసి ఇవ్వండి, తరువాత లైసెన్సు పుస్తకంలో ఎక్కించుకుంటాను." ఈ మాట మా దుకాణంలో తరచుగా వినపడుతుంది. అడిగేవారిలో చెడ్డ ఉద్దేశం ఉన్నవారు చాలా అరుదు. పొలానికి కాపలాగా తాతల నాటి జంట గొట్టాల తుపాకీ ఉన్న రైతు, బ్యాంకు దగ్గర కాపలా కాసే మాజీ సైనికుడు, రేంజికి వెళ్లి గురి సాధన చేసే కుర్రవాడు, వీరందరికీ చట్టాన్ని గౌరవించాలనే ఉంటుంది. అయితే ఇంటిమీద గది కట్టాక పన్ను పుస్తకంలో రాయించుకున్నట్టే తుపాకీ విషయంలోనూ పని ముందు, కాగితం వెనుక అని వారు నమ్ముతారు. మన దేశంలో ఆయుధాల విషయంలో వరుస దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. ఆయుధాల అమ్మకానికి, మరమ్మతుకు లైసెన్సు పొందిన వ్యాపారిగా నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ పని చేస్తున్నాను. ఆ అనుభవంతో, నా దగ్గరకు ఎక్కువగా వచ్చే అపోహలను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అపోహ: రైఫిల్‌ను సొంతంగా తయారు చేసుకుని తరువాత రిజిస్టర్ చేయించుకోవచ్చు.

వాస్తవం: అలాంటి దారి మన చట్టంలో లేదు. 1959 నాటి ఆయుధాల చట్టంలోని 5వ సెక్షను ప్రకారం తుపాకీని తయారు చేయడానికి, అమ్మడానికి, ఒక రకం నుంచి మరో రకానికి మార్చడానికి, మరమ్మతు చేయడానికి, పరీక్షించడానికి కూడా ఆ పనికి ప్రత్యేకించిన లైసెన్సు ఉండాలి. మీ చేతిలో ఉన్న లైసెన్సు ఒక తుపాకీని దగ్గర ఉంచుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే, అది తయారీకి ఇచ్చిన అనుమతి కాదు. 2019 సవరణ తరువాత ఈ సెక్షనును అతిక్రమించి తుపాకీ తయారు చేసినా, మార్చినా కనీసం ఏడేళ్ల జైలు శిక్ష పడుతుంది, అది యావజ్జీవం దాకా వెళ్లవచ్చు. ఇంత శిక్ష ఉన్న పనిని "పొరపాటున ముందు చేసేశాను, ఇప్పుడు రాయించుకుంటాను" అని సరిదిద్దుకోవడానికి ఏ కార్యాలయంలోనూ దరఖాస్తు ఫారం ఉండదు.

ఈ అపోహ ఎక్కువగా అమెరికా వీడియోలు చూసి వస్తోంది. అక్కడి కేంద్ర చట్టం ప్రకారం, ఆయుధం కలిగి ఉండటానికి అర్హత ఉన్న వ్యక్తి తన సొంత వాడకానికి మామూలు రైఫిల్‌ను తయారు చేసుకోవచ్చు. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉంటాయి. అక్కడ కూడా పదహారు అంగుళాల కంటే పొట్టి బ్యారెల్ (గొట్టం) పెట్టదలచిన వ్యక్తి ముందుగా దరఖాస్తు చేసి, అనుమతి వచ్చిన తరువాతే పని మొదలుపెట్టాలి. వీడియోల్లో ఈ భాగం కనిపించదు. ఇంకొక సంగతిని అక్కడ ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లల కోసం ప్రత్యేకంగా చెప్పాలి. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపుల కిందికి వస్తే తప్ప తుపాకీని గానీ తూటాలను గానీ దగ్గర ఉంచుకోవడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. సరదాగా విడిభాగాలు కొని బిగించడం అక్కడ వీసాతో పాటు భవిష్యత్తునే ప్రమాదంలో పడేస్తుంది.

అపోహ: విడిభాగం ఆయుధం కాదు, కనుక కొని ఇంట్లో పెట్టుకోవచ్చు.

వాస్తవం: చట్టంలో తుపాకీ అన్న పదానికి ఇచ్చిన నిర్వచనంలోనే దాని భాగాలు కూడా ఉన్నాయి. శబ్దాన్ని, మంటను తగ్గించే ఉపకరణాలు కూడా ఆ నిర్వచనంలోకే వస్తాయి. విదేశం నుంచి వచ్చే బంధువు సూట్‌కేసులో తుపాకీ బోల్టు గానీ బ్యారెల్ గానీ తెప్పించుకుంటే అది ఆయుధాన్ని దిగుమతి చేసుకున్నట్టే లెక్క.

అపోహ: బ్యారెల్‌ను ఇరవై అంగుళాల కంటే తగ్గించనంత వరకు కోయించుకోవచ్చు.

వాస్తవం: చదువుకున్నవారు కూడా తరచుగా పొరబడే చోటు ఇది, అందుకే కొంచెం నిదానంగా చెబుతాను. ఇరవై అంగుళాల లెక్క చట్టంలో నిజంగానే ఉంది. ఆత్మరక్షణకో, క్రీడకో లోపలి వైపు నున్నటి గొట్టం ఉన్న తుపాకీకి లైసెన్సు ఇచ్చే సందర్భంలో, దాని బ్యారెల్ ఇరవై అంగుళాలకు తగ్గకూడదని 13వ సెక్షను చెబుతుంది. అయితే బ్యారెల్ పొడవు తగ్గించడం గురించి మాట్లాడేది 6వ సెక్షను. అందులో ఏ కొలతా లేదు. లైసెన్సు లేకుండా ఎవరూ బ్యారెల్‌ను పొట్టి చేయకూడదని మాత్రమే ఉంది. ముప్పై అంగుళాల గొట్టాన్ని ఇరవై ఎనిమిదికి తెచ్చినా అది పొట్టి చేయడమే అవుతుంది. దీనికి కూడా శిక్ష ఏడేళ్ల నుంచి మొదలవుతుంది.

ఒకసారి ఒక పెద్దాయన తన ట్వెల్వ్ బోర్ తుపాకీని దుప్పటిలో చుట్టుకుని తెచ్చారు. మూతికి రెండు వేళ్ల వెడల్పు దిగువన కుడి గొట్టం ఉంగరంలా ఉబ్బి ఉంది. లోపల మట్టి ఇరుక్కున్న సంగతి తెలియక కాల్చడం వల్ల అలా అవుతుంది. "బాబూ, అంతవరకు కోసేసి నున్నగా చేసి ఇవ్వు, పొలంలో పందులను బెదిరించడానికి అది చాలు" అన్నారు. నేను ఆయన ఎదుటే గొట్టం లోపలికి దీపం పట్టి చూపించాను. చాలా తుపాకుల్లో మూతి దగ్గర చివరి కొద్ది అంగుళాల్లోనే గొట్టం సన్నగా నొక్కినట్టు ఉంటుంది. దాన్నే చోక్ అంటాము. బయటకు వచ్చే సీసపు రవ్వలు చెదిరిపోకుండా గుత్తిగా వెళ్లేది దానివల్లే. అక్కడ కోస్తే ఆ గుణం మొత్తం పోతుంది. పైగా జంట గొట్టాలను కలిపి ఉంచే పట్టీ టంకంతో అతికినది. రంపం పెడితే ఆ అతుకు వదులుతుంది. చట్టం వద్దన్న పని ఇక్కడ తుపాకీకి కూడా మంచిది కాదు. ఆయన విని, "అయితే దీన్ని కాల్చకూడదన్నమాట" అన్నారు. అవునండీ, ఉబ్బిన గొట్టంతో ఇంకొక్క గుండు కూడా కాల్చకూడదు అని చెప్పి, ఆ మాటనే చీటీ మీద రాసి, సంతకం చేసి ఇచ్చాను.

అపోహ: తూటాలు దొరకడం లేదు కాబట్టి బోరు మార్చుకోవచ్చు, తుపాకీ అదే కదా.

వాస్తవం: బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు. అది మారితే చట్టం దృష్టిలో ఆ తుపాకీ అదే తుపాకీ కాదు. మన దగ్గర చాలామంది చేతుల్లో ఉన్న .315 స్పోర్టింగ్ రైఫిల్‌నే తీసుకోండి. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన ఈ రైఫిల్ మూలం పాత సైనిక రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్. ఆ సైనిక రైఫిల్ వాడినది .303 తూటా. సైన్యం తూటా పౌరుల చేతుల్లో ఉండకూడదన్నది బ్రిటిష్ వారి నాటి నుంచి వస్తున్న విధానం. అందుకే పౌరుల కోసం అదే పద్ధతిలో .315 బోరు రైఫిల్ తయారైంది. చూడటానికి అన్నదమ్ముల్లా ఉన్నా, ఒకటి పౌరుల లైసెన్సుకు అందేది, రెండవది నిషిద్ధ బోరు. నిషిద్ధ బోరుకు అనుమతి జిల్లా స్థాయిలో దొరకదు, అది కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉంది. 2019 సవరణ 6వ సెక్షనులో ఇంకొక మాట కూడా చేర్చింది. 2016 ఆయుధ నియమాల్లో చెప్పిన ఒక వర్గపు తుపాకీని ఇంకొక వర్గపు తుపాకీగా మార్చడం కూడా ఇప్పుడు ఆ సెక్షను కిందికే వస్తుంది. బోరు నచ్చకపోతే ఉన్న తుపాకీని పద్ధతి ప్రకారం అమ్మి, లైసెన్సులో అనుమతి ఉన్న వేరే బోరు తుపాకీని కొనుక్కోవడమే సరైన మార్గం.

అమ్మకం గురించి కూడా ఇక్కడే ఒక మాట చెప్పాలి. సొంత వాడకానికి ఉంచుకున్న తుపాకీని అర్హత ఉన్న ఇంకొకరికి అమ్మదలచినవారు, కొనేవారి పేరు, చిరునామాతో సహా జిల్లా మేజిస్ట్రేటుకు గానీ దగ్గరి పోలీస్ స్టేషన్ అధికారికి గానీ లిఖితపూర్వకంగా తెలియజేసి, ఆ తరువాత కనీసం 45 రోజులు ఆగాలి. పోలీస్ కమిషనర్ ఉన్న నగరాల్లో జిల్లా మేజిస్ట్రేటు అంటే కమిషనరే అని చట్టమే చెబుతోంది. అందుకే హైదరాబాద్‌లో ఉన్నవారు కలెక్టరేట్ చుట్టూ తిరిగి ప్రయోజనం ఉండదు.

అపోహ: నంబరు అరిగిపోతే మళ్లీ చెక్కించుకోవచ్చు.

వాస్తవం: తుపాకీ మీద ఉన్న తయారీదారు పేరును, నంబరును, ఇతర గుర్తులను చెరపడం, తీసివేయడం, మార్చడం నేరమని 8వ సెక్షను చెబుతోంది. అంతకంటే ముఖ్యమైన సంగతి అదే సెక్షనులో ఇంకొకటి ఉంది. గుర్తులు లేని తుపాకీ ఎవరి దగ్గర దొరికితే వారే ఆ గుర్తులను చెరిపారని చట్టం భావిస్తుంది. అలా కాదని నిరూపించుకోవలసిన భారం వారిదే.

దీన్ని నేను చాలా బాధతో నేర్చుకున్నాను. పని మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఒక కుటుంబంవారు తుప్పు పట్టిన రైఫిల్‌ను బ్లూయింగ్ కోసం ఇచ్చారు. ఆ నల్లని పూత పట్టాలంటే ముందు ఉక్కును ఎమెరీ కాగితంతో రుద్ది మెరుగు పెట్టాలి. తుప్పు లోతుగా ఉందని నేను నంబరు మీద కూడా రెండు పట్లు ఎక్కువ రుద్దాను. పూత అందంగా వచ్చింది, ఇంటివారు సంతోషించారు. ఆ తరువాత ఎన్నికలు రావడంతో లైసెన్సు ఆయుధాలన్నీ డిపాజిట్ చేయవలసి వచ్చింది. స్టేషన్‌లో రాసుకునే కానిస్టేబుల్‌కు చివరి రెండు అంకెలు కనపడలేదు. ఆయన సుద్దముక్క తెచ్చి నంబరు మీద రుద్ది, బొటనవేలితో తుడిచి, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూశారు. గాడిలో మిగిలిన తెల్లటి పొడిని బట్టి ఒక అంకె తేలింది. రెండవది మూడో ఎనిమిదో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ కుటుంబం చేయని తప్పుకు సంజాయిషీలు రాసుకుంటూ వారాలపాటు తిరిగింది. మా రిజిస్టరులో రైఫిల్ తీసుకున్న రోజున నంబరు స్పష్టంగా రాసి ఉండటం వల్ల చివరకు విషయం సర్దుకుంది. ఆ రోజు నుంచి మెరుగు పెట్టే ముందు నంబరు మీద టేపు అతికించకుండా నేను ఏ తుపాకీనీ ముట్టుకోలేదు. నంబరు అరిగిందని అనుమానం వచ్చినవారు చెక్కేవారి దగ్గరకు కాకుండా లైసెన్సు ఇచ్చిన అధికారి దగ్గరకు, అంకెలు ఇంకా కనపడుతుండగానే, లిఖితపూర్వకంగా వెళ్లాలి.

అపోహ: భుజానికి ఆనించే కర్ర బట్టు మార్చినా, రబ్బరు ప్యాడ్ వేసినా లైసెన్సులో రాయించాలి.

వాస్తవం: లైసెన్సులో ఉండేవి తుపాకీ రకం, బోరు, తయారీ, నంబరు. వీటిలో ఏదీ మారనప్పుడు సరిదిద్దవలసిన వివరమే ఉండదు. అయినా ఆ పనిని మరమ్మతు లైసెన్సు ఉన్నవారికే ఇచ్చి, బిల్లు దాచుకోండి.

అపోహ: ఎయిర్‌గన్‌కు లైసెన్సే అక్కర్లేదు, ఎంత బలంగా మార్చినా ఫరవాలేదు.

వాస్తవం: 0.177 అంగుళాల బోరుకు, 20 జౌళ్ల శక్తికి మించని ఎయిర్‌గన్‌లకు మాత్రమే లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి దాటినా అది లైసెన్సు కావలసిన ఆయుధమే. అర గ్రాము పెల్లెట్ సెకనుకు సుమారు 283 మీటర్ల వేగంతో బయటకు వస్తే 20 జౌళ్లు అవుతాయి. బలమైన స్ప్రింగు వేసినా, గాలి పీడనం పెంచినా ఈ గీత దాటే అవకాశం ఉంది. 0.177 బ్యారెల్ తీసి .22 బిగిస్తే శక్తి లెక్కతో పనే లేదు, బోరుతోనే గీత దాటినట్టు. రేంజికి వెళ్లే పిల్లల తల్లిదండ్రులు ఈ రెండు అంకెలను గుర్తుంచుకోవాలని నా మనవి. "ట్యూనింగ్" అన్న ముద్దు పేరుతో చేసే పని, పిల్లవాడిని తనకు తెలియకుండానే లైసెన్సు లేని ఆయుధం ఉన్నవాడిగా మారుస్తుంది.

అపోహ: తాతగారి తుపాకీ పనిచేయదు, కనుక దానికి లైసెన్సు అవసరం లేదు.

వాస్తవం: పాతకాలపు, పాడైపోయిన ఆయుధాలకు 45వ సెక్షనులో మినహాయింపు ఉన్న మాట నిజమే. అయితే ఆ వాక్యాన్ని చివరిదాకా చదవాలి. మరమ్మతు చేసినా, చేయకపోయినా తుపాకీగా వాడటానికి వీలుకానిదై ఉండాలని అందులో ఉంది. స్ప్రింగు విరిగి, తూటాను పేల్చే గుర్రం (హ్యామర్) పడని తుపాకీకి కొత్త స్ప్రింగు వేస్తే పేలుతుందంటే, అది మరమ్మతుతో పనిచేసే తుపాకీ. దానికి మినహాయింపు వర్తించదు. వారసత్వంగా వచ్చినదైనా సరే, ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండరాదని 2019 సవరణ చెబుతోంది. క్రీడాకారులకు వేరే మినహాయింపులు ఉన్నాయి. పాత పెట్టెలో తుపాకీ బయటపడితే దాన్ని బాగు చేయించే ఆలోచన పక్కన పెట్టి, ముందుగా పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న వ్యాపారి దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి.

అపోహ: ఐదేళ్లకు ఒకసారి రెన్యువల్ ఉంటుంది, మార్పులన్నీ అప్పుడే రాయించుకోవచ్చు.

వాస్తవం: ఐదేళ్లన్నది లైసెన్సు గడువు, మార్పులను దాచి ఉంచుకోవడానికి ఇచ్చిన గడువు కాదు. ఇప్పుడు ప్రతి లైసెన్సుకూ జాతీయ డేటాబేసులో ఒక విశిష్ట సంఖ్య ఉంది. పుస్తకంలో ఒక వివరం, డేటాబేసులో ఒకటి, తుపాకీ మీద ఇంకొకటి ఉంటే ఎన్నికల డిపాజిట్ రోజునో, రోడ్డు మీద తనిఖీలోనో అది బయటపడుతుంది. పుస్తకంలో గుమాస్తా రాసినప్పుడు దొర్లిన అంకె తప్పు కూడా ఇందులో భాగమే. కాబట్టి కొత్త తుపాకీ నమోదైన రోజునే కార్యాలయం మెట్లు దిగకముందు అంకె అంకె సరిచూసుకోవాలి.

మా దుకాణంలో పాటించే వరుస కూడా చెబుతాను. తుపాకీ రాగానే ముందు అందులో తూటా లేదని తెచ్చినవారి ఎదుటే తెరిచి చూస్తాము. తరువాత లైసెన్సు పుస్తకాన్ని పక్కన పెట్టుకుని బోరు, తయారీ, నంబరు ఒక్కొక్కటిగా పైకి చదివి రిజిస్టరులో రాస్తాము. అడిగిన పని మరమ్మతైతే తీసుకుంటాము. పొడవును, బోరును, వర్గాన్ని మార్చే పనైతే అధికారి అనుమతి పత్రం చూపించమని అడుగుతాము. అది లేకపోతే తుపాకీని అలాగే మూసి, చుట్టి తెచ్చిన దుప్పటిలోనే చుట్టి తిరిగి ఇచ్చేస్తాము.