ఫ్యాక్టరీ ప్రమాదాల్లో పరిహారం: సంతకం పెట్టే ముందు వదిలించుకోవాల్సిన అపోహలు

పటాన్‌చెరు, పాశమైలారం, జీడిమెట్ల వైపు ఫార్మా, కెమికల్ యూనిట్లలో గాయపడ్డ కార్మికుల తరఫున లేబర్ ఆఫీసులో కేసులు వేయడం నా పని. నా దగ్గరికి వచ్చేసరికే చాలామంది ఏదో ఒక కాగితం మీద సంతకం పెట్టేసి ఉంటారు. అందుకే ముందు ఆ కాగితం సంగతే మాట్లాడతాను.

అపోహ: "రాజీ రాసుకుని డబ్బు తీసుకున్నాం, ఇక కేసు వేయడానికి లేదు"

ఉంది. ప్రాణం పోయిన కేసుల్లో యాజమాన్యం పరిహారం డబ్బును కుటుంబం చేతికి నేరుగా ఇవ్వకూడదు, కాంపెన్సేషన్ కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాలి (మన దగ్గర కార్మిక శాఖ అధికారులే ఆ బాధ్యత చూస్తారు). 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం సెక్షన్ 8 చెప్పేది ఇదే: నేరుగా ఇచ్చింది పరిహారం కింద లెక్కకు రాదు, మూడు నెలల జీతం దాకా ఇచ్చిన అడ్వాన్స్ తప్ప. మార్చురీ బయట కాంట్రాక్టర్, ఊరి పెద్దమనిషి, ఇంకెవరో నాయకుడు కలిసి మాట్లాడి, ఏడుస్తున్న భార్య చేత వేలిముద్ర వేయించిన కాగితంతో ఆమె హక్కు పోదు. ఇంత తెలిసీ ఆ పని చేయించే వాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

గాయం కేసులో రాజీ పడవచ్చు. కానీ ఆ ఒప్పందాన్ని కమిషనర్ దగ్గర రిజిస్టర్ చేయించాల్సిన బాధ్యత యాజమాన్యానిదే. మొత్తం మరీ తక్కువైనా, బెదిరించో మోసం చేసో రాయించుకున్నా ఆయన రిజిస్టర్ చేయకుండా ఆపవచ్చు. అసలు రిజిస్ట్రేషన్‌కే పంపకపోతే పూర్తి పరిహారం కట్టాల్సి వస్తుంది, అప్పటికే ఇచ్చిన దాంట్లో సగానికి మించి మినహాయించుకోవడానికి కూడా కమిషనర్ ఒప్పుకోవాలి. "ఇక ఏ క్లెయిమూ చేయను" అని రాయించుకున్నా చట్టం ముందు అది చెల్లదు.

2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చి 1923 చట్టం అందులో కలిసిపోయింది. నేను చెప్పే సెక్షన్ నంబర్లు, లెక్కలు పాత చట్టంవి, అంతకుముందు జరిగిన ప్రమాదాలకు అవే వర్తిస్తాయి. తర్వాత జరిగినవి కోడ్ కింద నడుస్తాయి, మూల సూత్రాలు మాత్రం చాలావరకు అవే.

అపోహ: "ఎంత ఇవ్వాలన్నది కంపెనీ ఇష్టం"

పరిహారానికి లెక్క ఉంది, మీరే వేసుకోవచ్చు. మరణానికి నెల జీతంలో 50 శాతం, పూర్తి శాశ్వత వైకల్యానికి 60 శాతం తీసుకుని, వయసును బట్టి చట్టంలో ఇచ్చిన ఫ్యాక్టర్‌తో గుణించాలి. జీతం ఎంతున్నా లెక్కకు తీసుకునేది 15,000 వరకే, 2020 జనవరి నుంచి అదే పరిమితి. 30 ఏళ్ల వయసుకు ఫ్యాక్టర్ 207.98. అంటే 30 ఏళ్ల హెల్పర్ 18,000 జీతానికి పనిచేస్తూ చనిపోతే 7,500 × 207.98, అంటే 15,59,850 రూపాయలు. అదే మనిషి సెంట్రిఫ్యూజ్‌లో (గిర్రున తిరిగే యంత్రం) చేతి బొటనవేలు మొత్తం పోగొట్టుకుంటే షెడ్యూల్ (ఏ గాయానికి ఎంత శాతం నష్టమో చెప్పే చట్టంలోని పట్టిక) ప్రకారం 30 శాతం నష్టం, పూర్తి వైకల్యం మొత్తమైన 18,71,820లో 30 శాతం, 5,61,546 రూపాయలు. యాభై వేలు చేతిలో పెట్టి ట్రైన్ టికెట్ కొనిచ్చి ఊరికి పంపేస్తే ఎంత పోగొట్టుకున్నట్టో చూడండి. వైద్యం ఖర్చు దీనికి అదనం.

నెలలోపు కట్టకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ, ఆలస్యానికి సరైన కారణం లేకపోతే 50 శాతం వరకు పెనాల్టీ. ఆ పెనాల్టీని ఇన్సూరెన్స్ కంపెనీ మీదికి తోసేయడం కుదరదని సుప్రీంకోర్టు 1997లోనే చెప్పింది. యాజమాన్యం సొంత జేబులోంచే కట్టాలి, కాబట్టి రాజీ బేరంలో ఈ మాట ఎత్తితే అవతలివాళ్ల ధోరణి మారుతుంది.

అపోహ: "షెడ్యూల్‌లో ఎంతుంటే అంతే"

షెడ్యూల్‌లో ఉన్నది కనీసం. మనిషి చేసే పనిని బట్టి చూడాలి. ఎడమ చెయ్యి మోచేతి పైన తీసేసిన ఒక వడ్రంగి కేసులో, ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కాబట్టి నష్టం నూటికి నూరు శాతమేనని 1975లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. డాక్టర్ ఇచ్చే సర్టిఫికెట్‌లో "30 శాతం వైకల్యం" అని ఒక్క ముక్క ఉంటే చాలదు, ఈ మనిషి మళ్లీ ఆ పని చేయగలడా లేదా అన్నది రాయించుకోండి.

అపోహ: "తప్పు నీదే, హెల్మెట్ పెట్టుకోలేదు"

ఈ చట్టంలో యాజమాన్యం తప్పు చేసిందని మీరు నిరూపించనక్కర్లేదు. తాగి ఉన్నా, భద్రతా నిబంధనను కావాలనే ధిక్కరించినా, యంత్రానికి రక్షణగా బిగించిన గార్డును కావాలని పీకేసినా పరిహారం రాదన్న మాట నిజమే, కానీ మరణం లేదా పూర్తి శాశ్వత వైకల్యం అయితే ఆ వాదన కూడా పనికిరాదు. ప్రొడక్షన్ ఆగకూడదని గార్డు తీయించిన సూపర్‌వైజరే తర్వాత "వాడే తీశాడు" అంటాడు. ఆ షిఫ్ట్‌లో పక్కన ఉన్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు అందుకే ముందు రాసిపెట్టుకోవాలి.

అపోహ: "కాంట్రాక్టర్ మనిషివి, కంపెనీకి సంబంధం లేదు"

సెక్షన్ 12 ప్రకారం కంపెనీ తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టుకిస్తే పరిహారం కట్టాల్సింది ముందు కంపెనీయే, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకుంటుంది. గేట్ పాస్, బ్యాంకులో జీతం పడ్డ ఎంట్రీలు, హాజరు ఫొటోలు, ఎఫ్‌ఐఆర్, ఆసుపత్రిలో రాసిన ఎంఎల్‌సీ (మెడికో లీగల్ రికార్డు) దాచుకోండి. ఆసుపత్రిలో "ఇంట్లో జారిపడ్డాడు" అని రాయించారేమో వెంటనే చూసుకోండి, తర్వాత సరిచేయించడం నరకం.

అపోహ: "ప్రభుత్వం ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది, అంతటితో సరి"

2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో, 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుళ్లు జరిగాక మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ప్రకటించారు. ఎక్స్‌గ్రేషియా ఒకరు దయతో ఇచ్చేది, పరిహారం హక్కు, రెండూ వేరు. ఎవరైనా ఒక పెద్ద మొత్తం చెబితే అందులో ఏమేం కలిపారో విడివిడిగా రాసిమ్మని అడగండి. పీఎఫ్‌తో పాటు వచ్చే ఈడీఎల్ఐ బీమా (గరిష్ఠంగా 7 లక్షలు) ఎలాగూ మీదే, దాన్ని తమ ఖాతాలో చూపిస్తే ఒప్పుకోవద్దు. అయినా కెమెరాలు వచ్చేది పదుల సంఖ్యలో పోయినప్పుడే. రాత్రి షిఫ్ట్‌లో ట్యాంకు కడగడానికి దిగి ఒక్కడు చనిపోతే ఎవరూ ఏమీ ప్రకటించరు, ఆ కుటుంబానికి ఉన్నది చట్టం ఒక్కటే.

ఈఎస్ఐ ఉంటే?

ఈఎస్ఐలో (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉన్నవాళ్లు ఈ చట్టం కింద కేసు వేయలేరు, అది నిజమే. కానీ నష్టపోతారన్నది అపోహ. శాశ్వత వైకల్యానికీ, మరణిస్తే భార్యాపిల్లలకూ అక్కడ నెలనెలా పెన్షన్ వస్తుంది. చూడాల్సింది ఒకటే, ఈఎస్ఐ నంబర్ ఏ తేదీన తీశారన్నది. ప్రమాదం జరిగిన సాయంత్రం కంగారుగా రిజిస్ట్రేషన్ చేసేసి "ఈయన ఈఎస్ఐ మనిషే" అనడం జరుగుతుంటుంది.

గడువు, ఖర్చు, ఎక్కడ వేయాలి

రెండేళ్లలోపు వేయాలి, తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనర్‌కు ఉంది. వచ్చిన దాంట్లో ఇంత శాతం నాకు అని లాయర్ మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధం, ఫీజు ఎంతో ముందే తేల్చుకోండి. ఇక కేసు కోసం ప్రతి వాయిదాకూ ప్రమాదం జరిగిన ఊరికి తిరగక్కర్లేదు. పటాన్‌చెరులో చనిపోయిన శ్రీకాకుళం మనిషి భార్య శ్రీకాకుళంలోనే కేసు వేసుకోవచ్చు. ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్ల కుటుంబాలకూ అంతే. మీ పక్క గదిలో ఉంటే ఈ ఒక్క సంగతైనా వాళ్లకు చెప్పండి.