డయమీన్ ఆక్సిడేజ్: బ్యాండ్ ఉంటే ఎంజైమ్ బాగున్నట్టేనా? (అపోహలు - వాస్తవాలు)

"సార్, కంపెనీవాళ్ళు డూప్లికేట్ మాల్ అంటగట్టినారు." రీకాంబినెంట్ హ్యూమన్ డయమీన్ ఆక్సిడేజ్ (దురద, దద్దుర్లు తెప్పించే హిస్టమిన్‌ను విరిచే మనిషి ఎంజైమ్, ల్యాబ్‌లో కణాల చేత తయారుచేయించినది) మొదటిసారి తెప్పించుకున్న రీసెర్చ్ పిల్లలు నా దగ్గరికొచ్చి అనే మాట ఇదే. అనంతపురంలో ఒకరికి అస్సే (ఎంజైమ్ పనిచేస్తోందో లేదో చూసే పరీక్ష) రాకపోతే చాలు, సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపుల్లో ఆ కంపెనీ పరువు పోతుంది. అలాంటి పుకార్లు మోసేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఫెలోషిప్ డబ్బులతో ఒక్క వయల్ కొని, గైడ్‌కు ఏం చెప్పాలో తెలియక టెన్షన్ పడేవాళ్ళ సంగతి వేరు. ఇది వాళ్ళ కోసం.

అపోహ: జెల్ మీద (ప్రోటీన్లను సైజును బట్టి విడదీసే పరీక్షలో) బ్యాండ్ వచ్చింది, బ్రాడ్‌ఫర్డ్ (ప్రోటీన్ ఎంతుందో కొలిచే పరీక్ష) రీడింగూ సరిపోయింది. ఎంజైమ్ బాగున్నట్టే.

వాస్తవం: ఆ రెండూ చెప్పేది ప్రోటీన్ ఉందని మాత్రమే. జెల్‌కు ముందు ఎస్‌డీఎస్ (ప్రోటీన్ మడతలు విప్పే డిటర్జెంట్) వేసి మరిగించాక పనిచేసే ఎంజైమూ, పాడైన ఎంజైమూ ఒకే చోట పరిగెత్తుతాయి. ఈ ఎంజైమ్ రెండు గొలుసుల జంట. ఒక్కోదానిలో కాపర్, టోపాక్వినోన్ (ఎంజైమ్‌లోనే ఏర్పడే సహాయక భాగం) వాటి చోట అవి కుదురుగా ఉంటేనే హిస్టమిన్ ఆల్డిహైడ్‌గా మారి, అమ్మోనియా, హైడ్రోజన్ పెరాక్సైడ్ బయటికొస్తాయి. అస్సేలో ఆ పెరాక్సైడ్‌ను వాడుకుని పెరాక్సిడేజ్ అనే ఇంకో ఎంజైమ్ డైకి రంగు తెప్పిస్తుంది, మనం చూసేది ఆ రంగే. ఆకృతి చెదిరితే బరువు తగ్గదు, పని పోతుంది. స్టార్టు కాని బండినీ తూకం వేస్తే బరువు సరిగ్గానే ఉంటుంది కదా. పైగా వయల్‌లో బీఎస్ఏ (ఎంజైమ్ నిలవ ఉండటానికి వేసే ఆవు రక్తపు ప్రోటీన్) కలిపి ఉంటే బ్రాడ్‌ఫర్డ్ కొలిచేది చాలామటుకు దాన్నే.

మరి పాడయ్యేది ఎక్కడ? ఎక్కువసార్లు మన దగ్గరే. ఒకమ్మాయి మే నెలలో తెప్పించిన పెట్టె రెండో శనివారం ముందురోజు వచ్చింది. ఆఫీసులో ఎవరో సంతకం పెట్టి బీరువా పక్కన పెట్టేశారు. సోమవారం తెరిస్తే డ్రై ఐస్ ముక్క కూడా మిగల్లేదు. ఆమెకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. బ్యాండ్ చక్కగా వచ్చింది, రంగు మాత్రం రాలేదు. కంపెనీకి ఘాటుగా మెయిల్ టైపు చేసి నాకు చూపించింది. ఆగమ్మా అని, ఎంజైమ్ బదులు నేరుగా హైడ్రోజన్ పెరాక్సైడ్ వేయించాను. వెంటనే రంగొచ్చింది. అంటే పెరాక్సిడేజ్, డై బాగున్నాయి, అనుమానం ఎంజైమ్ మీదికే పోతుంది. ఈ కంట్రోల్ పెట్టకుండా ఎవరినీ తిట్టకండి.

పెట్టె క్షేమంగా వచ్చినా, రోజూ పొద్దున కరిగించి సాయంత్రం గడ్డకట్టిస్తే అదే గతి. ఇంట్లో వాడే ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ ఇంకా ప్రమాదం, మంచు పేరుకోకుండా మధ్యమధ్య తనే వేడెక్కుతుంది. మన కరెంటు కోతల సంగతి చెప్పక్కర్లేదు. వచ్చిన రోజే చిన్న చిన్న ఆలికాట్లు (ఒక్కసారికి సరిపడా భాగాలు) చేసి, డేటాషీట్‌లో చెప్పిన ఉష్ణోగ్రతలో పెట్టండి. కరిగించినదాన్ని మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టొద్దు.

అపోహ: ఎంజైమ్ పనిని లెక్కగట్టే యూనిట్ ఏ కంపెనీదైనా ఒకటే. కాదు. కొందరు హిస్టమిన్‌తో కాకుండా పుట్రెసిన్ అనే ఇంకో అమీన్‌తో కొలుస్తారు. డేటాషీట్‌లో సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ మార్చే పదార్థం) ఏదో చూసుకోండి.

అపోహ: బఫర్‌లో కాస్త సోడియం అజైడ్ (క్రిములు పెరగకుండా వేసేది) ఉంటే ఏం కాదు. పెరాక్సిడేజ్‌తో చేసే అస్సేలో అది పెరాక్సిడేజ్‌నే ఆపేస్తుంది.

అపోహ: ఒంట్లో హిస్టమిన్ పని పట్టేది ఇదొక్కటే. కణాల లోపల, ముఖ్యంగా మెదడులో ఆ పని హిస్టమిన్ ఎన్-మిథైల్‌ట్రాన్స్‌ఫరేజ్ అనే ఇంకో ఎంజైమ్‌ది. దానికి ఎస్-అడెనోసిల్ మెథియోనిన్ అనే తోడు పదార్థం కావాలి, పెరాక్సైడ్ రాదు. దీని కిట్ దానికి పనికిరాదు.

అపోహ: ఇది దద్దుర్లకు మందు. మా వీధిలో ఒకాయన, భార్య రాత్రంతా గోక్కుంటూ కూర్చుంటుంటే చూడలేక, "ఆ చుక్కేదో మీ ల్యాబ్ నుంచి తెచ్చివ్వండి సార్, ఎంతైనా ఇస్తా" అన్నాడు. ఆయన బాధ నాకు అర్థమైంది. కానీ ఇది పరిశోధనకు మాత్రమే తయారైన సరుకు, మనిషికి ఇవ్వడానికి కావలసిన పరీక్షలేవీ దీనికి జరగవు. ఇదే పేరుతో బయట అమ్మే క్యాప్సూల్స్‌లో సాధారణంగా ఉండేది పంది మూత్రపిండాల నుంచి తీసినది, అది వేరు. డాక్టర్ రాసిన మాత్రలు ఆపొద్దని, చర్మవ్యాధుల ఓపీకి తీసుకెళ్ళమని చెప్పాను. పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఓపీ దాకా ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళమన్నాను.