బూజు పోయినా విషం పోదు: కోళ్ల దాణాపై అపోహలు - వాస్తవాలు

బాదేపల్లి యార్డుకు వానాకాలం మక్కలు రావడం మొదలైతే నా ఫోన్ ఆగదు. మా పాలమూరులో చాలా ఏళ్లు కోతకొచ్చే సమయానికే వానలు పడతాయి. గింజలు రోడ్డు మీద సగం ఆరి బస్తాకెక్కుతాయి, అక్కడి నుంచి కోళ్ల దాణాలోకి. పశువుల డాక్టరుగా ప్రతి ఏడూ వినే మాటలివి.

అపోహ: "మక్కలు బంగారంలా ఉన్నాయి సార్, బూజే లేదు."

బూజు వేరు, విషం వేరు. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు గింజలో అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. ఎండకు బూజు చచ్చినా, జల్లెడ పట్టి దులిపినా ఆ విషం గింజలోనే ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. కంటిని నమ్మకుండా తేమ మీటర్ పెట్టండి. 12-13 శాతం దాటితే ఆరబెట్టకుండా నిల్వ చేయొద్దు.

అపోహ: "పెల్లెట్ దాణా కదా, మిల్లు వేడికి పోతుంది."

దాణాను పెల్లెట్లుగా, అంటే గుళికలుగా చేసే మిల్లులో వేడి 80-90 డిగ్రీలే. అఫ్లాటాక్సిన్ విరగాలంటే 250 డిగ్రీలు దాటాలి.

అపోహ: "కోళ్లు చావట్లేదు, దాణా మంచిదే."

నన్ను కూడా మోసం చేసిన మాట ఇది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, బ్రెజిల్ పల్లి చెక్కలో ఈ విషం బయటపడింది. టర్కీలు, బాతులు త్వరగా పడిపోతాయి. మన కోళ్లు తట్టుకుంటాయి, అదే చిక్కు. మేత తింటాయి, బరువు రాదు. గుడ్లు తగ్గుతాయి. రోగనిరోధక శక్తి పడిపోయి టీకా సరిగా పట్టదు. షాద్‌నగర్ దగ్గర ఓ షెడ్డులో గంబోరో అనే వైరస్ జబ్బు వస్తే నేను టీకానే తప్పుపట్టి, మరో కంపెనీది వేయించాను. మళ్లీ వచ్చింది. అప్పుడు గానీ కోడిని కోసి చూడలేదు: కార్జం పసుపు పచ్చబడి, వేలు పెడితే పొడిపొడి అయింది. గోడకానుకున్న అడుగు బస్తాల్లో దాణా గడ్డలు కట్టి ఉంది.

అపోహ: "టాక్సిన్ బైండర్ వేశాం, టెన్షన్ లేదు."

బైండర్ అంటే విషాన్ని పట్టి ఉంచడానికి దాణాలో కలిపే పొడి. మట్టి రకం బైండర్ అఫ్లాటాక్సిన్‌ను బాగానే పట్టుకుంటుంది. నోట్లో పుండ్లు తెచ్చే మరో బూజు విషం టీ-2 టాక్సిన్‌ను మాత్రం పెద్దగా పట్టదు.

అపోహ: "ల్యాబ్‌లో పాసైంది."

శాంపిల్ ఎక్కడిది? పై బస్తాలోంచి గుప్పెడేనా? విషం లోడంతా సమానంగా ఉండదు, అక్కడక్కడా కుప్పగా ఉంటుంది. కిలోకు 20 మైక్రోగ్రాముల పరిమితి అంటే టన్నుకు 20 మిల్లీగ్రాములు, చిటికెడు ఉప్పులో పదో వంతు కూడా కాదు. చాలా బస్తాల్లో, పైనా మధ్యా అడుగునా గుచ్చి తీసి, కలిపి పంపండి.

అపోహ: "కోళ్లకొద్దంటే బర్రెకేద్దాం."

ఇది వింటే నిజంగా కోపం వస్తుంది. బర్రె తిన్న అఫ్లాటాక్సిన్‌లో కొంత, ఒక రోజు తిరక్కముందే అఫ్లాటాక్సిన్ ఎం1 అనే మరో రూపంలోకి మారి పాలలోకి దిగుతుంది. కాచినా పోదు. ఆ పాలు తాగేది మీ ఇంట్లో పిల్లలే. బస్తాలను బావికి దూరంగా గుంత తీసి పూడ్చేయండి.